ముగ్గు చద్దర్

కరెంటు లేదు. పొద్దున తొమ్మిదికి పోయింది, పన్నెండుకు వస్తుందన్నారు, అప్పటిదాకా నీలం నగర్‌లో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క మగ్గం కూడా ఆడదు, నేను గడపలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఈ నిశ్శబ్దాన్ని తిట్టుకుంటున్నాను. చప్పుడుంటే బాగుండేది. మగ్గాల చప్పుడులో మనిషి ఏం ఆలోచిస్తున్నాడో వాడికే సరిగ్గా వినిపించదు, అందుకే ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చాను. ఇవాళ అన్నీ వినిపిస్తున్నాయి, ఎదురింటి గడపలో గంగుబాయి బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న కత్తెర, లోపల చంద్రభాగ స్టవ్వుకు గాలి కొడుతున్న చప్పుడు, సందు మలుపులో ఏదో ఆటో, మెడ చాచి చూశాను, ఆటో ఆగలేదు, పోయింది. బొంబాయి బండి పదకొండుకు. ఆలస్యం కాకపోతే పన్నెండు లోపల మార్తా ఈ గడపలో ఉంటుంది. హంపీకి పోతూ తోవలో ఒక పూట దిగుతానని ఉత్తరం రాసింది, హిందీలో, పిల్లలు రాసినంత పెద్ద అక్షరాలతో. నీ చద్దర్ ఫోటో తెస్తున్నాను, మీ ఇంట్లో అందరికీ చూపించాలి, నువ్వెంత గొప్ప కళాకారుడివో వాళ్ళకు నా నోటితో చెప్పాలి. ఇంట్లో అందరికీ అంటే చంద్రభాగకు. కూతురు విజయ బడికి పోయింది, ఇంట్లో ఇంకెవరున్నారు. ఆ చద్దర్‌ను రైల్లో దొంగలు ఎత్తుకుపోయారని చంద్రభాగ ఎనిమిదేళ్ళుగా నమ్ముతోంది. ఎందుకు నమ్మదు, నేనే చెప్పాను.

లేచి లోపలికి వెళ్ళి రెండు మాటలు చెప్పడమే. దొంగలు లేరు చంద్రా, నేనే ఇచ్చేశాను. ఎంతసేపు పడుతుంది? పొద్దున్నుంచి మూడుసార్లు లేచాను. మొదటిసారి ఆమె పెట్టెలోంచి తీసిన కొత్త గ్లాసులు కడుగుతోంది, ఆ ముఖం చూసి నీళ్ళు తాగి వచ్చేశాను. రెండోసారి నేను నోరు తెరవకముందే, "పావుణి కారం తింటదా?" అని అడిగింది. పావుణి అంటే చుట్టం, మా సోలాపూర్‌లో మరాఠీ మాట మా నోట్లో మాటే అయిపోయింది. "కొంచెం తింటది" అన్నాను. ఆ జవాబు చెప్పి అదేదో పెద్ద పని చేసినట్టు తిరిగొచ్చాను. మూడోసారి లేచాను, గుమ్మం దాకా వెళ్ళాను, ఆమె వీపు చూశాను, జాకెట్టు మీద చెమట మరక, స్టవ్వు ముందు వంగి ఏదో కూనిరాగం తీస్తోంది. నా భర్తకు చలి దేశంలో ఇంత చోటిచ్చిన మనిషి వస్తోందని ఆమె సంతోషం. ఆ సంతోషం మీద ఈ మాట ఎలా వెయ్యను? ఇదీ నాకు నేను చెప్పుకునే సాకే. ఆమె సంతోషం గురించి నాకు బెంగేం లేదు, నా ముఖం గురించే బెంగ. నలభై దగ్గర పడుతున్న మగవాణ్ణి, కార్ఖానాలో నా చేతి కింద ఆరుగురు పనిచేస్తారు, పెళ్ళాం ముందు రెండు మాటలకు గొంతు రాదు.

ఆ ఊరు మాత్రం ఎంత బాగుండేది. ఈ పరిస్థితిలో కూడా దాన్ని తలుచుకుంటే లోపల ఏదో వదులవుతుంది, అదే నాకు మరీ సిగ్గు. కులూ దసరా సంతలో మా మాలిక్ పాండురంగ్ సేఠ్ చద్దర్ల దుకాణం పెట్టించాడు, నన్నూ ఇంకో ఇద్దరినీ పంపాడు, సంత అయిపోగానే వాళ్ళు బస్సెక్కారు, నేను పైన మనాలిలో ఒక వ్యాపారిని చూసుకుని రెండ్రోజుల్లో వస్తానన్నాను. వ్యాపారి ఉన్నమాట నిజమే, అతనికి ఒక పూట చాలింది. ఊరు చూద్దామని వాగు దాటి పాత మనాలి వైపు ఎక్కాను. కర్ర ఇళ్ళు, పలక రాళ్ళ కప్పులు, కింద ఆవులు, పైన మనుషులు, వసారాల్లో ఆరేసిన మక్క కంకులు, వాటి పక్కనే చెప్పుల్లేని తెల్లవాళ్ళు, జడలు కట్టిన జుట్లు, గిటార్లు, రాళ్ళ మీద రంగులతో కళ్ళూ చేపలూ గీస్తున్న ఒక సన్నటి మనిషి, ఎవరికీ ఎక్కడికీ పోయే తొందర లేదు. పొద్దు వాలింది, దిగే తోవ తప్పాను, రొట్టె కాలుతున్న వాసన వచ్చిన ఇంటి తలుపు కొట్టాను. తీసింది మార్తా. యాభై దాటిన జర్మనీ మనిషి, మోచేతుల దాకా పిండి, హిందీ నాకంటే బాగా మాట్లాడుతుంది, ఎవరు నువ్వు అనలేదు, చలిగా ఉంది లోపలికి రా అంది. వాగు పక్క గది ఇచ్చింది. ఆ నీళ్ళ హోరుకు కొత్తవాళ్ళకు నిద్ర పట్టదట. నాకు మాత్రం మా షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతున్నట్టుంది, హాయిగా పడుకున్నాను.

రెండ్రోజులు పదకొండు రోజులయ్యాయి. ఎలా అయ్యాయో చెప్పలేను. పొద్దున పొయ్యిలోకి దేవదారు కట్టెలు పెట్టేవాణ్ణి, మార్తా రొట్టెలు కాల్చేది, వాటికోసం పైనుంచీ కిందనుంచీ జనం వచ్చేవాళ్ళు, అందరూ కలిసి ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు. తోటల్లో కోయగా మిగిలిన ఆపిల్ కాయలు ఏరుకొచ్చేవాళ్ళం. మధ్యాహ్నం వేడినీళ్ళ బుగ్గలో మెడదాకా కూర్చుని ఎదురుగా మంచు కొండను చూసేవాళ్ళం. సోలాపూర్‌లో కొత్తవాడు కనిపిస్తే ఏ కార్ఖానా, ఎవరింటోళ్ళు, మీది కరీంనగరా సిద్దిపేటా అని మొదలవుతుంది. అక్కడ రాళ్ళ మీద చేపలు గీసే ఆయన నన్ను, నీకేం ఇష్టం, అని అడిగాడు. ముప్పై ఏళ్ళొచ్చాయి, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మార్తా రొట్టె అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అంత గట్టిగా ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు. నాకు పాట రాదు, అయినా పాడాను. మా ఇళ్ళల్లో పిల్లల్ని ఊపే పాట, సగం మరిచిపోయి సగం కల్పించి, గిటారాయన దానికి వెనక వాయించాడు. నా జన్మలో అంత సుఖంగా ఎప్పుడూ లేను, ఇది నిజం, చంద్రభాగతో పెళ్ళైన రోజు కూడా లేను, విజయ పుట్టిన రోజు కూడా లేను. ఈ మాట ఎవరితో చెప్పుకోను. ఆ పదకొండు రోజులూ ఇక్కడ ఏం జరిగిందో తర్వాత గంగుబాయి చెప్పింది, చంద్రభాగ చెప్పలేదు. మూడేళ్ళ విజయను చంకన వేసుకుని రోజూ సాయంత్రం పాండురంగ్ సేఠ్ షెడ్డు దాకా నడిచిపోయి, ఏమన్నా కబురొచ్చిందా అని అడిగేదట. నాతో వచ్చిన ఇద్దరూ ఎప్పుడో తిరిగొచ్చారు, నేను రాలేదు. నేను ఇల్లు చేరేదాకా ఉప్పు లేని కూడు తింటానని మార్కండేయ గుడిలో మొక్కుకుందట. నేను అక్కడ వెన్న రాసిన రొట్టె తింటూ, ఇంకొంచెం ఉప్పు చల్లమని మార్తాను అడుగుతున్నాను.

ఆ చద్దర్ కూడా ఆమే పెట్టింది సంచిలో. "ఆడ సలి బాగుంటదంట, గిది తీస్కపో," అని మడిచి అడుగున పెట్టింది, వద్దు, ఇంట్లో పిల్లకు కప్పు అంటే వినలేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి చద్దర్. లోకంలోనే ఒక్కటి. అంతకు ముందు ఏడాది దీపావళికి చంద్రభాగ గడప ముందు ఎర్రమట్టి జాజు పూసి ముగ్గేసింది, నేను పనినుంచి వస్తూ దాన్ని తొక్కబోయి ఆగిపోయాను. రోజూ వేసే ముగ్గే, కానీ ఇందులో గీతలు ఒకదాని కింది నుంచి ఒకటి దూరి మగ్గం మీద పోగులు పోయినట్టే పోయాయి, అన్నీ మూసుకున్నాయి, ఒక్క మూల మాత్రం గీత మూయకుండా బయటికి వదిలేసింది. గదేంది, మరిచినవా అంటే, "మరిచిపోలే. ఇంట్లకొచ్చేటోల్లకు తోవ ఉండొద్దా?" అంది. నా పని డిజైన్లకు కార్డులు కొట్టడం, గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మను అట్టముక్కల మీద బెజ్జాలుగా కొడితే ఆ బెజ్జాలను బట్టి మగ్గం పోగులు ఎత్తుతుంది. ఆ ముగ్గును గళ్ళ కాగితం మీదికి ఎక్కిస్తానన్నాను. నేను ఎక్కించలేకపోయాను, వంపుల దగ్గర చెడింది. బీడీల చాట ఒళ్ళోంచి దించి ఆమే పెన్సిల్ పట్టుకుంది. గళ్ళు లెక్కపెట్టడం రాదు, అయినా ఏ గడిలో నింపాలో చూపించింది, నేను నింపాను. సేఠ్‌ను బతిమాలి ఆదివారం పూట ఒక్క మగ్గం మీద ఒక్క చద్దర్ నేశాను. రెండే రంగులు. జాజు రంగు నేల మీద తెల్ల ముగ్గు. మా చద్దర్లకు రెండు వైపులా బొమ్మ ఉంటుంది, వెనక వైపు రంగులు తిరగబడి తెల్ల నేల మీద ఎర్ర గీతలు పడతాయి. విజయ దాన్ని ముగ్గు దుప్పటి అనేది, అది కప్పితేనే పడుకునేది.

పాత మనాలిలో రెండో పొద్దున దాన్ని కప్పుకుని బల్ల దగ్గరికొచ్చాను. మార్తా చేతిలో చాయ్ గ్లాసుతో నిలబడిపోయింది. గ్లాసు కింద పెట్టింది, చేతులు తుడుచుకుంది, చద్దర్ అంచు పట్టుకుంది. ఇది ఎవరు చేశారు? నేనే అన్నాను, అబద్ధం కాదు, నేసింది నేనే. బొమ్మ ఎవరు గీశారు? ఇక్కడ ఒక్క క్షణం ఉంది. ఎనిమిదేళ్ళుగా ఆ క్షణంలోకి వెనక్కి వెళ్ళి నిలబడుతుంటాను. పొయ్యి వెచ్చగా ఉంది, గిటారాయన, చేపలాయన, ఇంకెవరెవరో నావైపే చూస్తున్నారు, అంతమంది నావైపు అలా ఎప్పుడూ చూడలేదు. అదీ నేనే అన్నాను. అంతే. ఇక ఆగలేదు. ఈ గీత ఎందుకు మూసుకోలేదని చేపలాయన అడిగాడు. కళాకారుడికి గోడలుండవని చూపించడానికి అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట, ఏ సినిమాలో విన్నానో. ఆయన లేచి నన్ను కౌగిలించుకున్నాడు. మీ ఇంట్లో ఇంకెవరైనా గీస్తారా అని మార్తా అడిగింది. లేదు, మా ఆడవాళ్ళు బీడీలు చుడతారు, అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆ నవ్వే గుర్తొస్తుంది నాకు, మగ్గం దగ్గర నిలబడి ఉంటే గుర్తొస్తుంది, తింటుంటే గుర్తొస్తుంది. నా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే సగం ఆ బీడీల వల్లే.

పదకొండో రోజు బయలుదేరుతుంటే వాళ్ళ ముఖాలు చూసి, ఇది మీ దగ్గరే ఉండనీ అన్నాను. మార్తాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. మేకులూ సుత్తీ తెచ్చింది. నా చేతుల్తో నేనే గోడకు కొట్టాను, అందరూ చప్పట్లు కొట్టారు. బస్సులో కూర్చుని ఆ చప్పట్లు వింటూనే వచ్చాను, ఢిల్లీ దాకా విన్నాను. మన్మాడ్‌లో బండి మారేటప్పుడు ప్లాట్‌ఫారం మీద ఒక పిల్ల వాళ్ళమ్మ కొంగులో దూరి పడుకుని ఉంది, అప్పుడు గానీ నాకు విజయ గుర్తు రాలేదు. ముగ్గు దుప్పటి ఏదంటే ఏం చెప్పను? ఏం చెప్పాలో మన్మాడ్ నుంచి సోలాపూర్ దాకా తయారు చేసుకున్నాను. నిద్రపోతుంటే ఎవడో లాగేశాడు. చిన్నపిల్లల బొంకు అయినా ఇంకొంచెం ముస్తాబుగా ఉండేదేమో. చంద్రభాగ నా భుజాలు తడిమి చూసింది, దెబ్బలేమన్నా తగిలాయా అని. "పోనియ్. సలి పెట్టినోడే తీస్కపోయి ఉంటడు. కప్పుకోనీ పాపం," అంది. లోపలికి పోయి కంచం పెట్టింది, తనూ పెట్టుకుంది, ఉప్పు వేసుకుంది. నాకప్పుడు ఆ ఉప్పు సంగతి తెలియదు. ఆ తర్వాత ప్రతి చలికాలం మొదట్లో ఒక్కసారైనా అనేది, "మన చద్దర్ ఏడున్నదో, ఎవల ఒంటి మీదున్నదో." బాధతో కాదు, ఎవరో దూరపు చుట్టాన్ని తలుచుకున్నట్టు అనేది. మళ్ళీ ఒకటి నేయమని రెండుసార్లు అడిగింది. మగ్గం ఖాళీ లేదన్నాను. ఆ కార్డుల కట్ట కార్ఖానా అటక మీద గోనెలో ఇప్పటికీ ఉంది. దించితే ఆ మూల తెరిచిన గీత నా కంట పడుతుంది, అందుకే దించలేదు.

ఎండ గడప మీదికి పాకింది. పదకొండున్నర దాటి ఉంటుంది. మంచినీళ్ళ బిందె నింపి తెద్దామని లేచాను, కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు, నన్ను చూసి జరిగారు, "అంబాదాస్ బావా, మీ ఇంటికి గోరీ మేమ్ వస్తున్నదంట కదా," అని ఒకామె నవ్వింది, నేనూ పళ్ళు కనిపించేలా నవ్వి బిందె ఎత్తుకుని వెనక్కి తిరిగాను. అప్పుడు చూశాను మా గడపను. ఇంతసేపూ దాని పక్కనే కూర్చున్నాను, చూడలేదు. జాజు పూసిన నేల మీద అదే ముగ్గు. చంద్రభాగ రోజుకొకటి వేస్తుంది, ఎనిమిదేళ్ళలో ఇది ఎన్నిసార్లు వేసిందో నాకు తెలియదు, ఇవాళ మాత్రం కావాలని వేసింది, దూరం నుంచి మనిషి వస్తోందని, ఇంట్లోకి తోవ చూపించే ముగ్గు వేసింది. మార్తా దీన్ని చూస్తుంది. చూడగానే తెలిసిపోతుంది. నా చేతులు ఏం చేస్తున్నాయో నాకు తెలియలేదు అంటే అబద్ధం, తెలుసు. గడప దగ్గర కాలు తడబడినట్టు చేశాను. బిందెడు నీళ్ళు ముగ్గు మీద. తెలుపూ ఎరుపూ కలిసి సందులోకి కారిపోయాయి.

గంగుబాయి కత్తెర ఆగింది. ఆమె చూసింది, తడబడ్డానో లేదో ఆమెకు తెలుసు, మళ్ళీ ఆకు కత్తిరించుకుంటోంది. చంద్రభాగ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, పడ్డవా? కాలు మెలికపడ్డదా?" నా కాలే చూస్తోంది, ముగ్గు చూడలేదు. ఏం లేదన్నాను. అప్పుడు నేల చూసింది. "పోనియ్ తియ్యి, మల్లేస్త. ఎంతసేపు!" చీపురుతో నీళ్ళు తోసేసింది, గుడ్డతో ఒత్తింది, జాజు పూసింది, ఎండకు అది ఆరేదాకా నిలబడి కొంగుతో విసిరింది. తర్వాత కూర్చుని ముగ్గు పిండి తీసుకుంది. నేను పక్కనే నిలబడ్డాను, ఎటూ పోలేక. చుక్కలు పెట్టింది. బొటనవేలూ చూపుడువేలూ, బీడీ చుట్టి చుట్టి ఆ రెండు వేళ్ళ కొసలు నల్లబడి గట్టిపడ్డాయి, వాటి మధ్య నుంచి పిండి సన్నగా, ఎక్కడా తెగకుండా. ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. గీత దూరింది, లేచింది, తిరిగింది, నేను గళ్ళ కాగితం మీద వారం రోజులు కుస్తీ పట్టినా రాని వంపు ఆమె చేతి కింద ఊపిరి పీల్చినంత తేలికగా వచ్చేసింది. చంద్రా, అన్నాను. "ఊఁ." ఒకటి చెప్పాలె. "చెప్పు." తల ఎత్తలేదు, చివరి మూల దగ్గరుంది, గీతను బయటికి వదులుతోంది. చెప్పేవాణ్ణే. నిజంగా చెప్పేవాణ్ణి. ఆటో వచ్చి ఆగింది.

మార్తా ముసలిదైపోయింది. జుట్టంతా తెలుపు. అవే పెద్ద చేతులు, వాటితో నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది, నా పేరు పెట్టి పిలిచింది, నా ఒంట్లోకి ఆ కట్టెల పొయ్యి వేడి వచ్చింది, ఒక్క క్షణం, ఇంత సిగ్గులోనూ, ఎంత సంతోషమేసిందో. గడప వైపు అడుగు వేసింది, ఆగిపోయింది. చాయ్ గ్లాసుతో ఆగిపోయినట్టే. తల కొంచెం పక్కకు వంచి ముగ్గునంతా చూసింది. ఇది ఎవరు వేశారు? పిండి చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డ చంద్రభాగను చూపించాను. మార్తా ముఖం విప్పారింది. ఓహో, నువ్వు నేర్పావా ఈమెకు? నహీఁ, అన్నాను. ఆ ఒక్క మాట వచ్చింది, తర్వాతి మాట కోసం నోరు తెరిచే ఉంది, చంద్రభాగ అందుకుంది. "హాఁ, ఇన్హోఁనే సిఖాయా," అంది నవ్వుతూ. ఈయనే నేర్పాడు. ఎందుకో ఆమెకు తెలియదు, భర్త స్నేహితురాలి ముందు భర్త తక్కువ కాకూడదు, అంతే. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఆమె ఇచ్చింది, నేను తీసుకున్నాను. మార్తా చెప్పులు విప్పి, గీత ఒక్కటి కూడా తొక్కకుండా, తెరిచి ఉన్న మూల నుంచే లోపలికి వచ్చింది.

చాయ్ అందుకుంది. ఉప్మా మెచ్చుకుంది, కారానికి ముక్కు తుడుచుకుంది, చంద్రభాగ నవ్వింది. తర్వాత సంచిలోంచి అట్ట కవరు తీసింది, కవరులోంచి ఫోటో, పెద్దది, రంగులది, తీసి నాకు కాదు చంద్రభాగ చేతికిచ్చింది. కర్ర గోడ. గోడ నిండా చద్దర్. కింద పలక మీద నాగరి అక్షరాల్లో నా పేరు, కళాకార్ అంబాదాస్, సోలాపూర్. చంద్రభాగకు నాగరి రాదు. ఆమె చద్దర్ ఒక్కటే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ముఖం ఎత్తింది, ఆ ముఖంలో కోపం లేదు, వెలుగుంది. "గిది మన చద్దరే!" అంది తెలుగులో. "దొరికిందా! దొంగలు ఈమెకే అమ్మిన్రా ఏంది?" మార్తాకు తెలుగు రాదు, చంద్రభాగకు హిందీ నాలుగు ముక్కలే వచ్చు. ఇద్దరి మధ్యా నేనొక్కణ్ణే. అవునంటే అయిపోతుంది. అవునే, దొంగలే అమ్మారట, మన అదృష్టం చూడు. మార్తాకు ఏదో ఒకటి చెప్పొచ్చు, ఆమె సాయంత్రం బండికి పోతుంది, ఇంక ఈ జన్మలో రాదు. చంద్రభాగ ఎదురుచూస్తోంది, తల కూడా ఊపుతోంది, నేను ఒప్పుకోవడానికి నాకు సాయం చేస్తున్నట్టు. ఆమె వేళ్ళ కొసలకు ముగ్గు పిండి ఇంకా ఉంది.

దొంగలు లేరు, అన్నాను. నేనే ఇచ్చిన.

ఆమె అర్థం కానట్టు చూసింది. నేనే ఇచ్చిన, నేనే గీసిన అని చెప్పిన, అక్కడ అందరికి, అన్నాను, వరసలేని మాటలు. అదే ఊపులో మార్తా వైపు తిరిగి హిందీలో చెప్పేశాను, బొమ్మ గీసింది ఈమె, నేను కాదు, ఎప్పుడూ నేను కాదు, గడప ముందున్న ముగ్గు కూడా నేను నేర్పలేదు. మార్తా చాయ్ గ్లాసు కింద పెట్టింది. నన్ను చూసింది, ఆమెను చూసింది. సందులో ఒక్క మగ్గం చప్పుడు లేదు, ఇంత నిశ్శబ్దంలో ఎక్కడ దాక్కుంటాను. చంద్రభాగ మళ్ళీ ఫోటో చూస్తోంది, దగ్గరికి తెచ్చుకుని, నుదురు ముడిచి.

"ఉల్టా ఏసిన్రు," అంది.

నేను చూశాను. తెల్ల నేల, ఎర్ర గీతలు. తెరిచిన మూల కూడా ఎడమ వైపుకు పోయింది. మగ్గం మీద నేసేవాడికి చద్దర్ వెనక వైపే పైకి కనిపిస్తుంది, ముఖం కిందికి ఉంటుంది, ఏళ్ళ తరబడి వెనక చూసి చూసి నాకు అదే ముఖమైపోయింది. ఆ రోజు అలాగే కొట్టేశాను. మధ్యలో ఎంతమంది చూశారో, ఎవరికీ తెలియలేదు, ఎవరికి తెలుస్తుంది, గీసిన మనిషి అక్కడ లేదు. నేనే ఏసిన ఉల్టా, అన్నాను. ఆమె తల ఊపింది, అది తప్పు కాదన్నట్టు, మగ్గపోళ్ళు చేసే పొరపాటే అన్నట్టు. ఫోటో మీద వేలితో చద్దర్ అంచుల చుట్టూ గీసింది. మేకులు ఉన్నచోట ఆగింది. అప్పుడు మారింది ఆమె ముఖం.

"అంటే ఎవ్వలు కప్పుకోలేదా?" అంది. "గన్ని సలికాలాలు... ఒక్కనాడు గూడ? అడుగు ఆమెను."

అడిగాను. మార్తా ఇందాకటి మాటల్లోంచి ఇంకా తేరుకోలేదు, అయినా ఈ ప్రశ్నకు తేలిగ్గా జవాబు దొరికినట్టు, చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఎంతో మర్యాదగా, ఎంతో గర్వంగా చెప్పింది. లేదు, లేదు, ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు, మంచు ఇంటి కప్పుదాకా పడ్డ ఏడాది కూడా, చలికి వణుకుతూ వచ్చినవాళ్ళు అడిగినా ఇవ్వలేదు, అది గోడ దిగలేదు, అని ఆమెకు చెప్పు. చంద్రభాగ నావైపు చూసింది, ఏం చెప్పింది అని. ఎవరి ఒంటి మీదున్నదో అని ప్రతి చలికాలం అనేది. నేను నోరు తెరిచాను, సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళ దాటిపోయాక, కరెంటొచ్చింది. పక్క షెడ్డులో ఒక మగ్గం, దాని వెనక ఇంకొకటి, అటు సందు, ఇటు సందు, నీలం నగరంతా ఒక్కసారి ఆడడం మొదలుపెట్టింది, పొద్దున్నుంచి నేను కోరుకున్న చప్పుడే. ఈ చప్పుడులో చెప్పాలంటే గట్టిగా చెప్పాలి.

"ఎవ్వలు కప్పుకోలేదంట!" అన్నాను.

వినిపించలేదన్నట్టు చంద్రభాగ చెయ్యి చెవి వెనక పెట్టింది. ఎదురింటి గడపలో గంగుబాయి చాటలోంచి తల ఎత్తింది. నేను ఇంకా గట్టిగా అరిచాను.